మాస్టారి మధ్యబిందువు

పశువైద్య కాలేజీ ఎక్స్‌రే విభాగంలో పరీక్ష రోజున పూర్తి కావలసిన పనులు ఇవి. చీకటి గదిలో మిణుకుమంటున్న ట్యూబులైటు మార్చాలి. కిరణాలు తగలకుండా తొడుక్కునే సీసపు ఏప్రాన్లు తుడవాలి, కిందటిసారిలా లాండ్రీకి వేయకూడదు. గోడమీద విభాగాధిపతి పెద్దసారి ఫొటోకి దుమ్ము దులపాలి. బయటి నుంచి వచ్చే పరీక్షాధికారికి మెత్తటి కుర్చీ వేయాలి. మాస్టారికి స్నానం చేయించి ఎక్స్‌రే బల్ల దగ్గరికి తీసుకురావాలి. చిట్టచివర, వీలైతే, చిన్న డాక్టరమ్మ పాసవ్వాలి.

ఈ ఆఖరి పని విభాగం వారు పెట్టుకున్నది కాదు. ఆమె తల్లి పొద్దున్నే గుమ్మంలో నిలబడి చేర్చింది. ఆ ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటి మనిషి చిన్న డాక్టరమ్మ. పశువైద్యం పూర్తిచేసి, ఆపైన జంతువుల ఎక్స్‌రేలూ స్కానింగులూ చూసి జబ్బు చెప్పే ప్రత్యేక విద్యలో చేరింది. తల్లి మాత్రం ఇప్పటికీ ఇరుగుపొరుగుతో, "మా పిల్ల కుక్కలకి ఫొటోలు తీస్తుంది, లోపలివి," అనే చెప్పుకుంటుంది.

"అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిది చెప్పకు," అంది తల్లి. "ఆ బుద్ధి నీకు చిన్నప్పట్నించీ లేదు."

"సరేనమ్మా."

"ఆ సరే అనడంలోనే నాకు అనుమానం."

ఇక మాస్టారి సంగతి. మాస్టారు అంటే కుక్క. ఆ విభాగంలో అందరికంటే సీనియరు. జంతువుని బల్లమీద ఎలా పడుకోబెట్టాలి, కాళ్లు ఎటు చాపాలి అన్నది నేర్పడానికి ఒక ఆరోగ్యవంతమైన కుక్క కావాలని తీర్మానించి, ఆయన్ని నియమించారు. ఎన్ని బ్యాచులు వచ్చి వెళ్లినా ఆయన అక్కడే ఉన్నారు. "కుడివైపు" అంటే కుడివైపుకి ఒరిగేవారు. "వెల్లకిలా" అంటే నాలుగు కాళ్లూ గాల్లోకి ఎత్తేవారు. మిషను బీప్‌మనగానే ఊపిరి బిగబట్టేవారు. విద్యార్థి మరిచిపోయి ఎడమవైపు అనబోయి కుడివైపు అన్నా సరే, పాఠం ప్రకారం ఎడమవైపుకే తిరిగేవారు. అందువల్ల ఆ విభాగంలో పొజిషనింగ్ పేపరులో అందరికీ నూటికి నూరు. ఇంతటి బోధనా ప్రమాణాలు మరెక్కడా లేవని పెద్దసారు ప్రతి సభలోనూ సవినయంగా చెప్పుకునేవారు.

ఆరోగ్యవంతమైన కుక్క లోపల ఎలా ఉంటుందో తెలిపే చిత్రమాల కూడా మాస్టారి ఎక్స్‌రేలతోనే తయారైంది. మొదటి ముద్రణలో ఆయన మూత్రాశయంలో ఏమీ లేదు. రెండో ముద్రణకి మిరియపుగింజంత తెల్లటి చుక్క కనిపించింది. మూడో ముద్రణకి అది బఠాణీ అయింది. నాలుగో ముద్రణకి గోళీకాయంత అయ్యేసరికి ఇక పట్టించుకోకుండా ఉండడం శాస్త్రానికి శోభించదని, పెద్దసారు దానికి "మధ్యబిందువు" అని నామకరణం చేశారు. ఆరోగ్యవంతమైన శునకంలో ఇది స్థిరంగా ఉంటుందనీ, దీన్ని ఆధారంగా చేసుకుని తక్కిన అవయవాలను గుర్తించవచ్చనీ వ్యాసం రాసి, పతకం అందుకున్నారు.

పాఠం నేర్చుకున్న స్పెషలిస్టులు నలుమూలలకీ వెళ్లి ఆస్పత్రులు పెట్టారు. "మధ్యబిందువు కనిపించుట లేదు. మళ్లీ తీయించగలరు," అని రిపోర్టులు రాశారు. మళ్లీ తీస్తే మళ్లీ కనిపించలేదు. యజమానులు బెంగపెట్టుకున్నారు. "మావాడికి అది లేదటండీ, పుట్టుకతోనే లేదట," అని ఒకాయన పార్కులో కళ్లు తుడుచుకుంటే, పక్కనున్నావిడ తన కుక్క గొలుసు సవరించుకుంటూ, "మాదానికి రెండున్నాయి," అంది. ఆ రోజు నుంచి ఆవిడ నడకే మారిపోయింది.

అంతా సవ్యంగా సాగుతుండగా చిన్న డాక్టరమ్మ ఒక పొరపాటు చేసింది. మాస్టారిని చూసింది. ఎక్స్‌రేలో కాదు, పెరట్లో. ఆ విభాగంలో అంతవరకూ ఎవరికీ ఆ అవసరం రాలేదు. మాస్టారు గోడవార కాలెత్తి నిలబడ్డారు. నిలబడే ఉన్నారు. ఆమె టీ తాగడం అయిపోయింది, ఆయన పని కాలేదు. చివరికి రాలిన రెండు చుక్కలూ ఎర్రగా ఉన్నాయి.

ఆమె ఆయన్ని బల్లమీద పడుకోబెట్టి ఒక ఎక్స్‌రే తీసింది, నిలబెట్టి మరొకటి తీసింది. స్థిరంగా ఉండవలసిన మధ్యబిందువు కిందికి జారింది.

"సార్, అది రాయి అనుకుంటానండీ," అని పెద్దసారి దగ్గరికి వెళ్లి చెప్పింది. "ఇప్పుడే తీసేస్తే బతుకుతారు. మూత్రం పూర్తిగా ఆగిపోతే కష్టం సార్."

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా, నువ్విక్కడికి అనుకోవడానికి రాలేదు. నేర్చుకోవడానికి వచ్చావు. ముందు పాసవ్వు. అనుకోవడం తర్వాత చూద్దాం."

పరీక్ష రోజు తెల్లవారేసరికి మాస్టారికి ఆ రెండు చుక్కలు కూడా రావడం లేదు. పొట్ట డోలులా బిగిసింది. అయినా విధి నిర్వహణలో లోపం రానివ్వలేదు. బల్ల ఎక్కి, కుడివైపుకి ఒరిగి, బీప్‌మనగానే ఊపిరి బిగబట్టారు. తెరమీద బొమ్మ వచ్చింది. నడుమ పున్నమి చంద్రుడిలా మధ్యబిందువు.

"అద్భుతమైన చిత్రం!" అన్నారు పరీక్షాధికారి. ఆయన కూడా నడివయసులో వచ్చి చేరిన మాస్టారి శిష్యుడే. "ఏమ్మా, ఇదేమిటో చెప్పు. ఒక్క మాట చాలు."

ఆ ఒక్క మాట "నార్మల్" అని గదిలో ఉన్న అందరికీ తెలుసు. అది అంటే సర్టిఫికెట్టు వస్తుంది, అమ్మ వీధి వీధంతా చెప్పుకుంటుంది. మాస్టారు రేపటికి ఉంటారో ఉండరో తెలియదు. చిన్న డాక్టరమ్మ తెర దగ్గరికి వెళ్లి బిందువు మీద వేలు పెట్టింది.

"రాయి సార్," అంది. "ఇవాళే తీయాలి."

పెద్దసారు లేచి నిలబడ్డారు. "మిత్రులారా! ఈ బిందువు మీద ఎన్ని పట్టాలు నిలబడ్డాయి! ఎన్ని ఆస్పత్రులు వెలిశాయి! ఇది రాయి అయితే, మనమంతా ఏమిటి?" అని గద్గద స్వరంతో ప్రశ్నించారు. ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు అంత కష్టమైనదేమీ కాకపోవడమే కారణం.

అప్పుడు మాస్టారు బల్ల దిగి, పరీక్షాధికారి మెత్తటి కుర్చీ దగ్గరికి వెళ్లి, దాని కాలు పక్కన తన కాలెత్తారు. ఏమీ రాలేదు. తల కిందికి వేలాడేసి సన్నగా మూలిగారు.

పరీక్షాధికారి ముఖం మారిపోయింది. ఆయనకి అరవై దగ్గరపడుతోంది. పొద్దుటి నుంచి ఆయన మూడుసార్లు బాత్‌రూముకి వెళ్లి, చాలాసేపు ఉండి, దిగాలుగా తిరిగొచ్చిన సంగతి అందరూ గమనించారు.

"రావట్లేదా నాయనా?" అన్నారు వంగి, చాలా మెల్లగా. తర్వాత గట్టిగా, "ఎవరయ్యా అక్కడ! సర్జన్లని పిలవండి!" అన్నారు.

అయితే ఆరోగ్యవంతమైన కుక్కకి ఆపరేషను చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాలేజీ కమిటీ అక్కడికక్కడే సమావేశమై, "సాధారణ శునకం నుంచి సాధారణ భాగమును అధ్యయన నిమిత్తం సేకరించుట" అనే శీర్షిక కింద అనుమతి మంజూరు చేసింది. సాయంత్రానికల్లా భాగము సేకరించబడింది. మాస్టారికి మెలకువ వచ్చింది. మూత్రమూ వచ్చింది. వార్డులో ఎంతసేపు వచ్చిందంటే, నర్సులు ముందు నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు, ఆ తర్వాత బకెట్టు తెచ్చారు.

ఫలితాలు వారం తిరక్కుండా వెలువడ్డాయి. చిన్న డాక్టరమ్మ ఫెయిలు. కారణం: సాధారణ స్థితిని గుర్తించలేకపోవుట. మాస్టారిని కూడా ఉత్తర్వు ద్వారా విధుల నుంచి తప్పించారు. కారణం: మధ్యబిందువు లోపించినందున ఆరోగ్యవంతమైన కుక్క పదవికి అనర్హులు. రాయిని మఖమలు గుడ్డమీద పెట్టి, అద్దాల పెట్టెలో పెద్దసారి ఫొటో కింద ఉంచారు. ఖాళీ అయిన పదవికి ప్రకటన వెలువడింది. బిందువు ఉన్నవారికే ప్రాధాన్యం.

ఆమె మాస్టారిని ఇంటికి తీసుకొచ్చింది. తల్లి గుమ్మంలోనే ఉంది.

"ఏమైందే?"

"పోయిందమ్మా. మళ్లీ ఏడాదికి రాయాలి."

"అడగనిది చెప్పావా?"

"అడిగిందే చెప్పాను."

తల్లి కాసేపు కుక్కని చూసింది. "మరి ఈయనెవరు?"

"మా మాస్టారు. ఈయన్ని కూడా తీసేశారు."

"బావుంది. ఇద్దరూ తగ్గట్టే దొరికారు," అంటూ తల్లి పక్కకి జరిగి దారి ఇచ్చింది. మాస్టారు లోపలికి రాకముందు వీధి స్తంభం దగ్గర ఆగి కాలెత్తారు. ధార వంతెనలా వంగి అవతల పడింది. "ఓయబ్బో!" అంది తల్లి, పట్టాలు చదవడం రాకపోయినా పనితనం గుర్తుపట్టగల మనిషిలా.

పాఠక మహాశయులారా, రేపెప్పుడో మీ కుక్కనో పిల్లినో తీసుకుని మీరూ ఒక స్పెషలిస్టు దగ్గరికి వెళ్తారు. గోడమీద పతకం మెరుస్తూ ఉంటుంది. ఆయన ఫిల్ముని వెలుతురుకి పెట్టి చూసి, అంతా నార్మలేనంటారు. మీరు వెళ్లింది ఆ మాట కోసమే కాబట్టి, హమ్మయ్య అనుకుని, ఒళ్లో ఉన్న ప్రాణిని ఒక్కసారి కూడా చూడకుండా లేచి వచ్చేస్తారు. అలా లేవబోయే ముందు, దయచేసి, కాలెత్తి ఎదురుచూస్తూ నిలబడిన మా మాస్టారిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.