జిప్పు అరలో మాత్ర

ఆ శనివారం ఉదయం లాలాగూడ రైల్వే క్వార్టర్లో ప్రేమమణి వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త జ్ఞానశేఖర్ స్కూటర్ మీద ఏ.ఎస్. రావు నగర్ వెళ్లి, ముక్కూ మొహం తెలియని మందుల షాపులో ఒక మాత్ర కొనుక్కురావాలి. అత్తగారు డోరా స్నానం చేసి వచ్చేలోగా ప్రేమమణి దాన్ని మింగేయాలి. లాలాగూడలోనే కొనవచ్చు గానీ, ఆ షాపాయన ఆదివారం చర్చిలో వీళ్ల ముందు వరుసలో కూర్చుంటాడు.

అవసరం రాత్రి వచ్చిపడింది. కండోమ్ చిరిగింది. చిరగదా మరి? జ్ఞానశేఖర్ దాన్ని ఎండాకాలం నుంచీ పర్సులో దాచి, ఆ పర్సు మీదే కూర్చుని రోజూ ఆఫీసుకు వెళ్లి వస్తున్నాడు. ప్రేమమణికి బి.ఎడ్. పరీక్షలు దగ్గరపడ్డాయి. అవి అయి, ఉద్యోగం వచ్చేదాకా పిల్లలు వద్దని పెళ్లికి ముందే మాట అనుకున్నారు.

జ్ఞానశేఖర్ వెళ్లాడు, కొన్నాడు, వచ్చాడు. తీరా చూస్తే గుమ్మంలోనే తల్లి.

"పొద్దున్నే ఎక్కడికిరా?"

"కొత్తిమీరకి."

"ఏదీ?"

"దొరకలేదమ్మా."

"ఊరంతా తిరిగినా కట్ట కొత్తిమీర దొరకలేదా!" అంటూ ఆవిడ అటు తిరిగిన క్షణంలో, అతను బల్ల మీదున్న తన నల్ల బైబిలు కవరు జిప్పు లాగి, లోపలి అరలో మాత్రను దోపేశాడు. వంటింట్లో ఉప్మా కలుపుతున్న భార్యకు కళ్లతో బైబిలు చూపించి, ఘనకార్యం చేసినవాడిలా స్నానానికి పోయాడు.

ప్రేమమణి స్టవ్వు కట్టేసేలోగా వీధిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "మణీ, నా బైబిలు జిప్పు ఊడింది. వాడిది పట్టుకెళుతున్నా. రోసమ్మ ఇంట్లో కూడిక!"

శనివారం స్త్రీల ప్రార్థన కూడిక అంటే చదువు వంక పెట్టి తప్పించుకునే ప్రేమమణి, ఆ రోజు నైటీ మీద చున్నీ వేసుకుని, చేతిలో గరిటె ఉన్న సంగతి కూడా మరిచిపోయి వెనక వీధిలోని రోసమ్మ ఇంటికి పరుగెత్తింది. ప్రార్థన మధ్యలో ఆ మాత్ర చాప మీద పడితే? పాస్టరమ్మగారు తీసి ఇదేమిటని చదివితే?

"చూడుండ్రి, డోరమ్మ కోడలు! ఎట్ల ఉరుక్కుంట వచ్చిందో. జెర జాగ ఇయ్యుండ్రి!" అంది రోసమ్మ.

"అత్తయ్యా, ఒక్కసారి బైబిలు ఇస్తారా?" అంది ప్రేమమణి రొప్పుతూ.

"స్తోత్రం!" అన్నారందరూ. పాస్టరమ్మగారి కళ్లు చెమర్చాయి. గరిటె చూసి మరీ చెమర్చాయి. వంట వదిలేసి వాక్యానికి వచ్చిన పిల్లను ఆవిడ ఈ మధ్య చూడలేదు.

ప్రేమమణి జిప్పు లాగింది. అరలో పాత క్రిస్మస్ కార్డు ఉంది. కానుక కవరు ఉంది. మాత్ర లేదు. మళ్లీ తడిమింది. లేదు.

"ఏందమ్మా, ఇంత పరేషాన్ ఉన్నవ్?" రోసమ్మ దగ్గరికి జరిగింది. ఆ ఓదార్పుకి ప్రేమమణి బావురుమంది. పెళ్లయి ఏడాది దాటిన కోడలు కూడికలో ఏడిస్తే, ఎందుకని అడిగే అలవాటు అక్కడెవరికీ లేదు.

"నాకు సమజైంది. పిల్లల గురించే కదా?"

ప్రేమమణి తలూపింది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆమెను మధ్యలో మోకరింపజేసి ప్రార్థన షురూ చేసేసరికి గుమ్మం ముందు స్కూటర్ ఆగింది. స్నానం చేసి వచ్చి చూస్తే బైబిలూ లేక, భార్యా లేక, తడి తలతో పరుగున వచ్చాడు జ్ఞానశేఖర్. ఆ కూడికకు మగవాడు రావడం అదే మొదలు.

"అయ్యో, భార్యాభర్తలిద్దరూ వచ్చేసిండ్రు!" అని అతన్నీ పక్కన మోకరింపజేశారు.

"ఉందా?" అన్నాడు గుసగుసగా.

"లేదు."

"అయ్యో దేవా!" అన్నాడు పైకే. ఆ మొరకు రోసమ్మ గొంతు రెండింతలైంది. ఏడాది తిరిగేసరికి ఆ ఇంట ఉయ్యాల ఊగాలని ఆమె అడిగింది. అడిగేదేదో కవలల్నే అడుగుదామన్నారు పాస్టరమ్మగారు. సోమవారం నుంచి వీళ్లింట్లోనే ఉపవాస ప్రార్థన పెడదామంది మరొకావిడ. ఒక్కోదానికీ భార్యాభర్తలిద్దరూ ఆమెన్ అనవలసి వచ్చింది.

ఎట్టకేలకు టీ వేళయింది. "మణీ, ఇలా రా" అని డోరా కోడల్ని రోసమ్మ వంటింట్లోకి తీసుకెళ్లి, తలుపు వారగా వేసి, చేతికి నీళ్ల గ్లాసిచ్చింది. తన చేతిసంచిలోంచి మాత్ర తీసింది.

"పాటల కాగితం పెడదామని దారిలో జిప్పు తీశాను. ముందు మింగు. ఎంత ఆలస్యమైతే అంత నష్టమట, అట్ట మీద రాసుంది."

ప్రేమమణి మింగింది. "మరి ఇంతసేపూ ఊరుకున్నారేం అత్తయ్యా?"

"నిన్ను లేపుదామంటే రోసమ్మ ఆమెన్ అనదే!"

"కోపం వచ్చిందా?"

"వచ్చింది. నీ మీద కాదు. వాడి పర్సు మీద ఉంగరంలా అచ్చు పడితే నేను చూడలేదనుకుంటున్నాడు. అవి మీద కూర్చునే వస్తువులా? వేడికీ ఒరిపిడికీ పాడైపోవూ? బీరువాలో పెట్టుకోమను. వాడేముందు డేటు చూడమను. పళ్లతో చింపకుండా చేత్తో విప్పమను. ఈ మాత్ర ఆపదకే గానీ, మాటిమాటికీ మింగేది కాదు."

"మరి వాళ్లు చేసిన ప్రార్థన?"

"ఎక్కడికీ పోదు. నీకు ఉద్యోగం వచ్చాక నెరవేరుతుందిలే."

ప్రేమమణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇవన్నీ మీకెలా తెలుసు అత్తయ్యా?"

డోరా కప్పుల్లోకి టీ వంచింది. "మీ మామయ్యా అంతే. రైల్వే ఆస్పత్రిలో ఊరికే ఇస్తే తెచ్చుకుని, ప్యాంటు వెనక జేబులో వేసుకుని, వర్క్‌షాపులో కొలిమి దగ్గర తిరిగేవారు. అప్పుడే నాకు టీచర్ ట్రైనింగులో సీటొచ్చింది. అప్పట్లో ఈ మాత్రలెక్కడివి? సీటు పోయింది."

"పోయి, ఏమొచ్చింది?"

డోరా వారగా ఉన్న తలుపులోంచి ముందుగదిలోకి చూసింది. అక్కడ రోసమ్మ జ్ఞానశేఖర్‌కి కవలల పేర్లు చెబుతోంది.

"అదిగో," అంది, "టీ రాకముందే బిస్కెట్లు అవగొడుతున్నాడు."