ఖాళీ ఉయ్యాల ఊపకూడదు

"మీరు చెయ్యాల్సింది ఒక్కటే. ఏమీ చెయ్యకండి," అంది భార్య, చెప్పులు వేసుకుంటూ.

"సరే," అన్నాడు భర్త.

అతనికి అదేమంత కష్టమైన పని కాదు. ఆఫీసులో అతన్ని సరేశ్వర్రావు అంటారు. ఊహ తెలిశాక ఎవరేమడిగినా ఆ ఒక్క మాటే అన్నాడనీ, పెళ్లి కూడా ఆ మాటతోనే జరిగిపోయిందనీ చెప్పుకుంటారు.

భార్య కళాకారిణి. మూడేళ్లు వెనకగదిలో కూర్చుని ఊలుతో బుల్లి ఉయ్యాలలు అల్లింది. పిల్లలకి కాదు, ఫోన్లకి. ప్రదర్శనశాలలో ఒక గది నిండా వాటిని పైకప్పు నుంచి వేలాడదీసి, మోటార్లు పెట్టి ఊగించింది. వచ్చినవాళ్లు తమ ఫోనును ఒక ఉయ్యాలలో పడుకోబెట్టాలి. పడుకోబెట్టగానే దాని మీది దీపం కాస్త తగ్గుతుంది, ఎక్కడినుంచో సన్నగా జోల మొదలవుతుంది. అన్ని ఉయ్యాలలూ నిండితే గది మొత్తం నిద్రపోతుంది. పైకప్పు మీద మబ్బులు కదులుతాయి, ఉయ్యాలల మూతులు తాళ్ల సంచుల్లా బిగుసుకుంటాయి, జోల పూర్తయ్యేదాకా ఏ ఫోనూ బయటికి రాదు. మనిషి ఫోనుని ఆడిస్తున్నాడా, ఫోనే మనిషిని ఆడిస్తోందా అని జనం ఆలోచించాలని ఆమె కోరిక.

జనం ఆలోచించలేదు. ఫోనుని ఉయ్యాలలో పెట్టి, అబ్బ ఎంత ముద్దుగా ఉందో అని ఫోటో తీద్దామని జేబు తడుముకుని, ఫోను అక్కడ లేదని గుర్తొచ్చి వెంటనే తీసేసుకున్నారు. వారం రోజుల్లో ఒక్కసారి కూడా సగం ఉయ్యాలలు నిండలేదు. మబ్బులు అసలు వస్తాయో రావో ఆమెకే తెలియదు. పరీక్షించి చూసుకుందామంటే అన్ని ఫోన్లు ఎవరిస్తారు?

ఇవాళ ఆఖరి రోజు. మ్యూజియం ఎంపిక సంఘం అధ్యక్షురాలు పొద్దుటి రైలుకి వస్తున్నారు. ఆవిడకి నచ్చితే ఉయ్యాలలు మ్యూజియానికి వెళతాయి. నచ్చకపోతే సాయంత్రానికి గోనెసంచిలోకి వెళతాయి. రేపటినుంచి ఆ గదిలో పరుపుల అమ్మకం. పరుపులు అప్పుడే వచ్చి వరండాలో గోడకి జారగిలబడి ఎదురుచూస్తున్నాయి. ఇది పోతే మళ్లీ ఊలు ముట్టననీ, పాత కర్టెన్ల కంపెనీలోనే చేరిపోతాననీ ఆమె కంచం ముందు కూర్చుని చెప్పినప్పుడు, సరేశ్వర్రావు నోట 'సరే' రాలేదు. చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"ఈ గదిలో స్విచ్చులు ముట్టుకోకండి. ఆవిడ వచ్చేసరికి ఉయ్యాలలు ఊగుతూనే ఉండాలి. నేను స్టేషన్‌కెళ్లి తీసుకొస్తాను." గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగింది. "అత్తయ్యని మాత్రం ఏమీ సర్దనివ్వకండి."

"సరే."

అత్తగారు అంటే సరేశ్వర్రావు తల్లి. ఉద్యోగాలకెళ్లే తల్లుల పిల్లల్ని చూసుకునే క్రెష్‌లో ఆయాగా ఏళ్ల తరబడి పనిచేశారు. ఆవిడ చెయ్యి వీపు మీద పడితే ఎంత మొండిఘటమైనా కునుకు తియ్యాల్సిందే. కోడలు మూడేళ్లుగా ఏం చేస్తోందో చూద్దామని ఆ పొద్దున వెంట వచ్చారు. గది మధ్యలో నిలబడి చుట్టూ చూశారు. పాలరంగు వెలుతురులో ఉయ్యాలలు మెల్లగా, చప్పుడు లేకుండా ఊగుతున్నాయి.

"ఉయ్యాలలు బాగానే ఉన్నాయి. లోపలెవరూ లేరేంట్రా?"

"జనం ఇంకా రాలేదమ్మా."

"ఖాళీ ఉయ్యాల ఊపకూడదని నీకు తెలీదూ? ఇన్నేళ్లలో ఒక్క ఖాళీ ఉయ్యాల ఊగనిచ్చానా నేను? ఆపు ముందు."

"సరే," అన్నాడు అలవాటుగా. అని స్విచ్చు వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆపితే భార్య ఊరుకోదు, ఆపకపోతే అమ్మ ఊరుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పుడతనికి జన్మలో రాని ఉపాయం వచ్చింది. ఉయ్యాలలు నింపేస్తే సరి! ఊగుతూనే ఉంటాయి, ఖాళీగానూ ఉండవు. తన ఫోను ఒక దాంట్లో, తల్లి ఫోను ఇంకో దాంట్లో పడుకోబెట్టి, ఒక బుట్ట పట్టుకుని మిగతా ఫోన్ల కోసం బయల్దేరాడు.

ఎదురుగా పళ్ల డాక్టరు గది. ఎదురుచూసేవాళ్లంతా ఫోన్లలో తలలు దూర్చి ఉన్నారు. అతను నోరు తెరిచేలోపే ఒకాయన బుట్ట చూసి, "ఛార్జింగ్ పెట్టి ఇస్తారా?" అన్నాడు. "సరే," అన్నాడు సరేశ్వర్రావు. దాంతో అందరూ ఇచ్చారు. పై అంతస్తులో ఇన్సూరెన్సు ఆఫీసు. మేనేజరు తన గుమాస్తాల వైపు మండిపడుతూ చూసి, "వీళ్ల ఫోన్లన్నీ పట్టుకుపోండి. నేనడిగినప్పుడు తెచ్చివ్వండి," అన్నాడు. "సరే." కింద వరండాలో పరుపుల వ్యాపారి పగిలిన అద్దంతో ఉన్న ఫోను చూపించి, "దీనికి కొత్త అద్దం వేసిస్తారా?" అన్నాడు. దానికీ "సరే".

తిరిగొచ్చేసరికి గదిలో ఎవరో పెద్దావిడ ఉన్నారు. భుజాన సంచి, చెవి దగ్గర ఫోను. "ఎంతసేపు మోగినా ఎత్తరే!" అని విసుక్కుంటున్నారు. అత్తగారు దగ్గరికెళ్లి, నిద్రలో ఉన్న పాప చేతిలోంచి గిలక్కాయ తీసినంత సుతారంగా ఆ ఫోను తీసేసుకున్నారు.

"ఇంకెంతసేపమ్మా దాన్ని ఏడిపిస్తావు? అలిసిపోయుంటుంది, ఇలా తే."

పెద్దావిడ తెల్లబోయి, భుజాన సంచి కింద పెట్టారు. బుట్టలో ఫోన్లన్నీ తల్లీకొడుకులు పడుకోబెట్టగా ఒక్క ఉయ్యాల మిగిలింది. పెద్దావిడ ఫోను అందులోకి చేరింది.

దీపాలు ఒక్కొక్కటే కళ్లు మూసుకున్నాయి. పైకప్పు మీద మబ్బు తునక ఒకటి బయల్దేరింది, దాని వెనక ఇంకొకటి. జోల గోడల్లోంచి, నేలలోంచి వస్తున్నట్టుంది. ఉయ్యాలల మూతులన్నీ మెత్తగా బిగుసుకున్నాయి. సరేశ్వర్రావు నోరు తెరుచుకుని చూశాడు. ఇంత అందమైన పని తన ఇంటి వెనకగదిలో జరిగిందని తెలిసి అతనికి కళ్లు చెమర్చాయి.

అప్పుడే ఒక ఉయ్యాల గిలగిల్లాడింది. స్టేషన్‌లో అధ్యక్షురాలు కనబడక కోడలు మొగుడికి ఫోను మీద ఫోను చేస్తోంది. అత్తగారు ఆ ఉయ్యాలని జోకొడుతూ, "నీదేరా. చిన్నప్పుడు నువ్వూ ఇలాగే ఉలిక్కిపడేవాడివి," అన్నారు.

ఛార్జింగు సంగతి కనుక్కుందామని పళ్ల డాక్టరు దగ్గరివాళ్లు వచ్చారు. వాళ్ల వెనక, పేషెంట్లేరని వెతుక్కుంటూ గ్లౌజులతో డాక్టరూ వచ్చాడు. ఫోన్లు ఇన్సూరెన్సు కంపెనీ జప్తు చేసిందట అని ఎవరో అనేసరికి, మేనేజరూ గుమాస్తాలూ దిగొచ్చారు. కొత్త అద్దం కోసం వ్యాపారి వచ్చాడు. గది కిటకిటలాడింది.

"ఎవడయ్యా ఫోన్లు..." అని మేనేజరు గొంతెత్తాడు.

"ష్!" అన్నారు అత్తగారు, వేలు పెదాల మీద పెట్టి. "ఇప్పుడే పడుకున్నాయి."

ఆ గొంతుకి మేనేజరు చిన్నప్పటి భయమేదో గుర్తొచ్చినట్టు తగ్గిపోయాడు. అక్కణ్ణుంచి అందరూ గుసగుసగానే పోట్లాడుకున్నారు. "నా ఫోనివ్వండి," "జోల అయ్యేదాకా రాదండి," "ఎప్పుడవుతుంది?" "తెలీదండి." చివరికి మేనేజరు జేబులోంచి కత్తెర తీశాడు.

"ఈ వలలు కోసి తీసేసుకుంటాం. సరేనా?"

అందరూ సరేశ్వర్రావు వైపు చూశారు. అతను ఉయ్యాలల వైపు చూశాడు. ఒక్కో ముడీ వేసిన వేళ్లు గుర్తొచ్చాయి.

"వద్దు," అన్నాడు.

అత్తగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. "ఒరే, నీకు ఆ మాట వచ్చా?"

ఎందుకోగాని, ఆ ఒక్క మాటకి మేనేజరు కత్తెర జేబులో పెట్టేసుకున్నాడు. గుసగుసగా ఎంతసేపని పోట్లాడతారు? ఒకరు గోడకి ఆనుకున్నారు, ఒకరు ఆవలించారు. నిలబడలేక ఎవరో వరండాలోంచి పరుపు లాక్కొచ్చారు. "కవరు తియ్యకండి," అన్న వ్యాపారే ముందుగా దాని మీద ఒరిగాడు. అత్తగారు అందరి వీపులూ జోకొడుతూ తిరిగారు. మబ్బులు సాగుతూనే ఉన్నాయి.

కోడలు వచ్చేసరికి వరండాలో పరుపులు లేవు. తలుపు తోసి చూస్తే గది నిండా మనుషులు నిద్రపోతున్నారు. గ్లౌజుల చేతిని బుగ్గ కింద పెట్టుకుని డాక్టరు, గుమాస్తా భుజం మీద తల వాల్చి మేనేజరు, ధర చీటీ ఉన్న దిండుని కావలించుకుని తన మొగుడు. పైన మబ్బులు! ఆమె అలాగే నేల మీద చతికిలబడింది. ఆనందమో దుఃఖమో ఆమెకే అర్థం కాలేదు. చూడాల్సిన మనిషి మాత్రం రాలేదు, సాయంత్రానికి ఇదంతా సంచిలోకే. ఏడుపు తన్నుకొచ్చింది.

"ష్..." అని మూలనున్న పరుపు మీంచి ఒక తల లేచింది. "ఏడవకమ్మాయ్, లేస్తారు. ముందు రైలు దొరికి వచ్చేశాను. నీకు ఫోను చేస్తే ఎత్తలేదు, స్టేషన్ గోలలో వినపడలేదేమో. ఆ తర్వాత నాకు ఫోనే లేదు." అధ్యక్షురాలు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "పగటి నిద్ర పోయి ఎన్నేళ్లయిందో."

జోల ఆగింది. తాళ్లు సడలాయి. మరుక్షణం ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి, గది ఉలిక్కిపడి లేచి కూర్చుంది. తన ఫోను కోసం ఎవరూ చప్పున చెయ్యి చాపలేదు. మేనేజరైతే, "ఇంకాసేపు..." అని పక్కకి తిరిగాడు.

"మ్యూజియానికి తీసుకుంటున్నాం," అన్నారు అధ్యక్షురాలు. "కానీ ఒక షరతు. మీ అత్తగారు లేకపోతే ఇది ఉత్త ఊలు. ఆవిడ కూడా రావాలి."

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు, అప్పుడే ఫోను తీసుకోగా ఖాళీ అయిన ఒక ఉయ్యాలని చేత్తో పట్టి ఆపుతూ, "అల్లిక గట్టిదే," అన్నారు. మూడేళ్లలో కోడలు విన్న మొదటి మెప్పు అది. ఈసారి ఏడుపు ఆపుకోలేదు.

ఇప్పుడు మ్యూజియంలో ఆ గది బయట, ఈ కళాఖండానికి వాడినవి అంటూ ఒక బోర్డు ఉంది: ఊలు, మోటార్లు, సెన్సార్లు, అత్తగారు. మోటార్ల తర్వాత వేశారని ఆవిడ ఇంకా అలక మానలేదు.