డేగ గారి అక్షరాల సైజు

ఆ రోజు ఉదయం డేగ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. త్వరగా ఆఫీసుకు వెళ్ళాలి, కంప్యూటర్లో అక్షరాలు రెండింతలు చేసుకోవాలి, ఆ మార్పు రేపటికి కూడా నిలిచేలా చేయించుకోవాలి. ఎందుకో మాత్రం రెండో మనిషికి తెలియకూడదు.

ఎందుకంటే ఆయన కళ్ళు మసకబారాయి. మందుల సీసాలకు లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో ఆయన ప్రూఫ్ రీడరు. ఇరవై రెండేళ్ళుగా చుక్క తేడా వచ్చినా పట్టేస్తుంటే అందరూ కలిసి డేగ అని పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అలాంటి మనిషికి ఆరు నెలలుగా చుక్కా కనపడదు, చుక్క పక్కన సున్నా కనపడదు. కళ్ళజోడు పెట్టుకుని వెళితే ఆ పేరు పోతుంది, దాని వెనకే ఉద్యోగమూ పోతుందని ఆయన భయం.

"ఏమండీ, కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్దాం రండి," అంది భార్య గుమ్మంలోనే.

"నాకేం? శుభ్రంగా కనపడుతోంది," అన్నారాయన, తలుపుకు వేలాడుతున్న ఆవిడ శాలువా వైపు తిరిగి.

ఆఫీసులో తెర తెరిచేసరికి అక్షరాలు మళ్ళీ నువ్వుగింజలై ఉన్నాయి. రోజూ ఇదే వరస. అక్షరాలు పెంచే మెనూ కూడా చిన్న అక్షరాల్లోనే ఉంటుంది కాబట్టి పాపం ఆయన లైన్లు లెక్కపెట్టుకుని నొక్కుతారు. మొన్న ఒక లైను తప్పి తెరంతా తలకిందులైతే, మెడ ఒరగేసుకుని అరపూట పనిచేశారు. ఈసారి లెక్క కుదిరింది. వెంటనే నిన్న సాయంత్రం తాను సంతకం పెట్టిన పిల్లల దగ్గుమందు లేబులు తీశారు. మోతాదు 0.5 అనా, ఉత్త 5 అనా? తెల్లవారుతూనే ఆ అనుమానం పట్టుకుంది. చుక్క ఉంది. కానీ నిన్న ఆయన చూసి సంతకం పెట్టలేదు, ఉండే ఉంటుందిలే అని పెట్టారు. ఇలా ఇంకోసారి జరిగితే ఏ పసిబిడ్డ నోట్లో పదింతలు మందు పోస్తారో అనుకుని ఆయన లేబులు మూసేశారు.

ఇక లాభం లేదని సర్వరు చూసుకునే ఆవిడను పిలిచారు. ఆవిడను అందరూ సర్వరమ్మ అనే అంటారు.

"సర్వరమ్మా, నేను పెట్టుకున్న సెట్టింగులు సేవ్ కావడం లేదు."

"ఏ సెట్టింగులండీ?"

"అదే… రంగు. నీలం పెట్టి వెళితే పొద్దున్నకల్లా తెల్లబడుతోంది."

"నీలం ఎందుకండీ?"

"కళ్ళకు హాయిగా… కాదు కాదు, మనసుకు! మనసుకు హాయిగా ఉంటుంది."

సర్వరమ్మ ఏదైనా పట్టుకుంటే అంతు చూడందే వదిలే మనిషి కాదు. పది నిమిషాల్లో తిరిగొచ్చింది.

"డేగ గారూ, రంగు ఎవరూ ముట్టుకోలేదు. కానీ సెట్టింగుల్లో ఎవరో చెయ్యి పెడుతున్నారు. రోజూ పొద్దున్న ఎనిమిదీ యాభై రెండుకు అక్షరాల సైజు రెట్టింపవుతోంది. సాయంత్రం ఆరూ పదికి మళ్ళీ తగ్గుతోంది."

పొద్దుటిది ఎవరో డేగ గారికి తెలుసు. సాయంత్రానిదే అంతుపట్టలేదు. తాను ఆరింటికే వెళ్ళిపోతారు. అంటే తన గుట్టు తెలిసినవాడు ఎవడో వెనకాల కూర్చుని ఆడుకుంటున్నాడన్నమాట!

"పోనీలెండమ్మా, నాకు తెలుపే బాగుంది. వదిలెయ్యండి."

"వదిలెయ్యడమేమిటండీ! మేనేజరు గారికి చెప్పేశాను."

మేనేజరు పాలిపోయిన ముఖంతో పరిగెత్తుకొచ్చాడు. "కొంప మునిగింది! ఎవరూ కంప్యూటర్లు ముట్టుకోకండి. చుక్కలు మాయం చేసి మన పేరు చెడగొట్టాలని చూస్తున్నారు. మందుల కంపెనీకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? సర్వరమ్మా, ఏ సీటు నుంచి చేశారో తెలుస్తుందా?"

"తెలుస్తుంది సార్. కాస్త టైమిస్తే పొద్దుటిదీ సాయంత్రానిదీ రెండూ తీస్తాను."

"సాయంత్రానిది ఎందుకమ్మా? పొద్దుటిది చాలు!" అంటూ మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు పెంచాడు. "అయినా అంతదాకా ఎందుకు? ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చునేది ఎవరు?"

అందరి చూపులూ కంప్యూటర్లో పేజీలు కట్టే అమ్మాయి మీద పడ్డాయి. ఆ అమ్మాయి చేరి మూడు నెలలైనా కాలేదు.

"నేనేం చేశాను సార్? లైట్లు వేసి నా పని చూసుకుంటానంతే."

"నువ్వొచ్చాకే ఇదంతా మొదలైంది. ఆ కార్డు ఇక్కడ పెట్టి బయటికి నడువు."

అమ్మాయి మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళనీళ్ళతో డేగ గారి వైపు తిరిగింది. "బాబాయ్ గారూ, మీరైనా చెప్పండి. మీ కళ్ళకు కనపడనిదేముంది? నేనెప్పుడైనా మీ సీటు దగ్గరకొచ్చానా?"

ఆ మాటతో డేగ గారికి తల కొట్టేసినట్టయింది. భయం పోలేదు, పోలేదు సరికదా రెట్టింపయింది. అయినా బల్ల పట్టుకుని లేచారు.

"ఆ పిల్లనేం అనకండి. పెంచింది నేనే. నాకు కనపడటం లేదు, ఆరు నెలలైంది. నిన్న దగ్గుమందు లేబులు మీద చూడకుండానే సంతకం పెట్టాను. చుక్క ఉంది కాబట్టి సరిపోయింది. మీరు పంపించేసినా నేనేమీ అనను."

సర్వరమ్మ తెర మీంచి తలెత్తింది.

"సార్, సాయంత్రం తగ్గించే సీటు కూడా దొరికింది."

"అదిప్పుడెందుకమ్మా!"

"మీ గదే సార్. ఇన్ని యూజర్ పేర్లు గుర్తుండవు, లేబుళ్ళ మీద సంతకం పెట్టే మీ ఇద్దరికీ ఒకటే పెట్టమని మీరే అన్నారు కదా? పేరు ఒకటైతే సెట్టింగులూ ఒకటే. పొద్దున్న ఈయన పెంచితే మీకూ పెరుగుతాయి, సాయంత్రం మీరు తగ్గిస్తే ఈయనకూ తగ్గుతాయి."

మేనేజరు దొరికిన కుర్చీలో కూలబడ్డాడు. "నాకూ చూపు ఆనడం లేదమ్మా. యజమాని చూస్తే పరువు పోతుందని ఇంటికెళ్ళేటప్పుడు తగ్గించేవాణ్ణి. పొద్దున్నకల్లా మళ్ళీ పెరిగి ఉండేవి. నా బాధ చూడలేక సర్వరే పెంచుతోందనుకున్నాను." ఆ తర్వాత కార్డు తీసి అమ్మాయి చేతిలో పెట్టాడు. "తప్పు నాది. ఏమీ అనుకోకు."

కార్డు ఇచ్చేశాక అతనికి మళ్ళీ మేనేజరు గొంతు తిరిగొచ్చింది. "సర్వరమ్మా, ఇలాంటిది మళ్ళీ జరక్కుండా ఏం చెయ్యాలో నువ్వే నోటీసు రాయి. ప్రూఫ్ చూసి డేగ గారు సంతకం పెడతారు, తర్వాత నేను పెడతాను."

నోటీసు వచ్చింది. డేగ గారు కాగితాన్ని దూరం జరిపి, దగ్గరకు తెచ్చి, "ఒక్క తప్పు లేదు," అని సంతకం చేశారు. మేనేజరు దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి, "బ్రహ్మాండంగా రాశావు," అని తానూ చేశాడు. గోడకు అంటించాక చదివిన అమ్మాయి ఏడుపు మరిచిపోయి నవ్వింది. డేగ గారికీ మేనేజరు గారికీ కళ్ళజోళ్ళు వచ్చేదాకా ఏ లేబులు మీదా వాళ్ళ సంతకాలు చెల్లవనీ, ప్రతి లేబులూ పేజీలు కట్టే అమ్మాయే చూసి పంపాలనీ అందులో ఉంది. రెండు సంతకాలూ ఉన్నాయి కాబట్టి నోటీసు అప్పటికప్పుడే అమల్లోకి వచ్చింది.