మంత్రిగారి చేతిలో మా పాప పాదం

"ఈ రోజు నుంచి మన పెద్దాసుపత్రిలో మహమ్మారి తప్ప మరో జబ్బు లేదు!" అని ఆరోగ్య మంత్రిగారు మైకులో ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. ఇంతకుముందు మంత్రులు జబ్బుల్ని తగ్గిస్తామన్నారు, తరిమేస్తామన్నారు. పాపం, ఎవరివల్లా కాలేదు. ఈయన ఒక్క మాటతో గుండెనొప్పి దగ్గర్నుంచి పంటినొప్పి దాకా అన్నిటినీ రద్దు చేసేశారు. చేతల మనిషంటే అలా ఉండాలి.

నాకొచ్చిన చిక్కల్లా మా పాప కాలితోనే. కుడి పాదం లోపలికి తిరిగి పుట్టింది. వారం వారం కాస్త కాస్త సరిచేస్తూ కొత్త పిండికట్టు వేస్తే దారికొస్తుందనీ, మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుందనీ డాక్టరుగారు చెప్పారు. ఆయన్ని ఇప్పుడు మహమ్మారి వార్డుకి వేశారు. కట్లు వేసే ఆయన గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ల నుదుటికి గురిపెట్టి జ్వరం చూస్తున్నాడు. కట్ల గదిలో మంత్రిగారు విలేకరులతో మాట్లాడుతున్నారు.

అత్తగారూ నేనూ పాపనెత్తుకుని సూపరింటెండెంటుగారి దగ్గరికి వెళ్లాం. ఎంత మర్యాదస్తుడో! మమ్మల్ని కిటికీ బయట నిలబెట్టి, అద్దం మూసి, ఫోన్లో పలకరించారు.

"జబ్బేంటమ్మా?"

"పాప కాలండీ."

"కాళ్లు ఇప్పుడు చూడట్లేదమ్మా. మహమ్మారి తగ్గాక రండి."

"కట్టు బిగుసుకుపోతోందండీ. పిల్ల పెరుగుతోంది కదా."

"అదే మీతో వచ్చిన గొడవ. బస్సులు ఆగాయి, బళ్లు ఆగాయి, పెళ్లిళ్లు ఆగాయి. అందరూ సహకరిస్తుంటే మీ పాప ఒక్కతే పెరుగుతానంటే ఎలా?"

అత్తగారు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా బాబూ?"

"మొక్కలు మా శాఖ కాదు పెద్దమ్మా." అంతలోనే ఆయనకేదో ఆశ కలిగినట్టుంది. "పోనీ, పాపకి మహమ్మారేమైనా ఉందా?"

"లేదయ్యా, నీ నోట మంచిమాట రాదా!"

"ప్చ్. ఉంటే మంచమిచ్చేవాణ్ణి, పాలిచ్చేవాణ్ణి, కోడిగుడ్డిచ్చేవాణ్ణి" అని ఎంతో నొచ్చుకున్నారు.

దారిలో అత్తగారు గొంతు తగ్గించి, "దానికి కాస్త దగ్గడం నేర్పరాదూ?" అన్నారు. నాకు నవ్వు రాలేదు. కట్టు చివర పాప వేళ్లు ఎర్రబడ్డాయి. ఇంటికెళ్లేలోపు వాటిని ఎన్నిసార్లు నొక్కి చూశానో నాకే తెలియదు.

మర్నాడు సూపరింటెండెంటుగారే ఫోన్ చేశారు. "అమ్మా, పాపను తీసుకుని వెంటనే రా!"

చెప్పుల జత కూడా చూసుకోకుండా పరిగెత్తాను. ఆ రోజు మహమ్మారి నుంచి కోలుకున్నవాళ్లకి మంత్రిగారు పూలగుత్తి ఇస్తారట. "నిజంగా జబ్బు చేసినవాళ్లని ముట్టుకోవడం ఆయన ఆరోగ్యానికి మంచిది కాదు. అందుకని ఆరోగ్యంగా ఉన్న రోగి కోసం వెతుకుతున్నాం" అన్నారు సూపరింటెండెంటుగారు. అంతలో ఆయన చూపు పాప కాలి మీద పడింది. "అయ్యో, మహమ్మారికి పిండికట్టేమిటి! ఎవరక్కడ? తీసేయండి!"

గేటు దగ్గర్నుంచి కట్లాయన వచ్చి, కట్టు నానబెట్టి, ఓపిగ్గా విప్పాడు. పాప హాయిగా కాలు ఝాడించింది. ఆయన గది తాళాలు తేబోతుంటే సూపరింటెండెంటుగారు మళ్లీ గేటుకి తరిమారు. మంత్రిగారి వెనకాల జనం వస్తున్నారు, జ్వరాలు చూడాలి కదా!

"కొత్త కట్టండీ?" అన్నాను.

"ముందు ఫొటో కానివ్వమ్మా!"

మంత్రిగారు చేతులకి తొడుగులు వేసుకుని పాపనెత్తుకున్నారు.

"సార్, పాదం లోపలికి తిరిగి కనబడుతోంది సార్" అన్నాడు ఫొటోగ్రాఫరు.

మంత్రిగారు పాదాన్ని గుప్పిట్లోకి తీసుకుని మెల్లగా బయటికి తిప్పారు. "ఇలాగా?"

"అంతే సార్! అలాగే పట్టుకోండి సార్!"

ఉన్నమాట చెప్పుకోవాలి. మంత్రిగారి చేతిలో ఉన్నంతసేపూ పాదం తిన్నగానే ఉంది. పాప కూడా ఆయన్ని చూసి బోసినోటితో నవ్వింది. కెమెరా క్లిక్‌మంది. ఆయన చెయ్యి తీశారు. పాదం యథాస్థానానికి వెళ్లిపోయింది. మంత్రిగారూ వెళ్లిపోయారు. సూపరింటెండెంటుగారు ఆయన్ని సాగనంపడానికి వెళ్లి, ఎంతకీ రాలేదు.

తెల్లారేసరికి పేపర్లో మొదటి పేజీ నిండా మా పాపే. 'మహమ్మారిని జయించిన చిన్నారి' అని పెద్దక్షరాలు.

"ఇప్పుడెవడు కాదంటాడో చూస్తాను, పద!" అన్నారు అత్తగారు.

మళ్లీ అదే కిటికీ. ఒక చేత్తో పేపరు అద్దానికి అదిమిపెట్టి, దాని పక్కనే పాప కాలు ఎత్తి చూపించాను. సూపరింటెండెంటుగారు కళ్లజోడు తుడుచుకుని ఫొటోను చాలాసేపు చూశారు. తర్వాత కాలిని చూశారు. మళ్లీ ఫొటోను చూశారు.

"పొరబడ్డారమ్మా. ఆ పాప వేరు" అన్నారు ఫోన్లో, ఎంతో దయగా. "ఆ పాపకి నయమైపోయింది."