నెలకు ఒక్క కాఫీ ఖర్చు

మా కొరియాలో ఎవరూ ఎవరికీ డబ్బు ఇవ్వరు. నమ్మండి!

ఉపన్యాసం ఇచ్చిన పండితుడి చేతిలో పెట్టేది గుర్రబ్బండి కిరాయి. ఆయన మెట్రోలో వచ్చినా సరే. పండుగకు యజమాని పనివారికి ఇచ్చేది పిండివంటల ఖర్చు. ఆ వంట ఇంట్లో వండి ఎన్నేళ్ళయిందని అడగకూడదు. సాయం చేసినవాడి జేబులో కుక్కేది సిగరెట్ ఖర్చు. అతగాడు పొగ మానేసి ఉండవచ్చు. డబ్బు అనే మాట నోట రాకుండా డబ్బు చేతులు మారడమే మా నాగరికత.

ఈ మాటల పుట్టుక తవ్వడం నా వ్యసనం. ‘బలమైన పేరా రాయడం ఎలా?’ అని ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పడం నా జీవనోపాధి. ఆ రెండు అర్హతలతో సవినయంగా ప్రకటిస్తున్నాను: డబ్బును దాచిపెట్టిన మాటలన్నిటిలోకీ మహత్తరమైనది, ఈ కాలం మనకిచ్చిన వరం, ‘నెలకు ఒక్క కాఫీ ఖర్చే!’

దాని ముందు నిలిచేదేది? బీమా ఒక్క కాఫీ ఖర్చే. వ్యాయామశాల ఒక్క కాఫీ ఖర్చే. తిమింగలాల రక్షణ ఒక్క కాఫీ ఖర్చే. నేను పోయాక నా చితాభస్మం దాచే అర కూడా ఒక్క కాఫీ ఖర్చే! అన్నిటికీ ఒప్పుకుంటే తాగడానికి కాఫీ మిగలదు. అయినా ఒక్క కాఫీకి వెనకాడే నీచుడెవడు?

మొన్న వేసవిలో ఆ మాట సువోన్ నగరంలోని మా అపార్ట్‌మెంటు లిఫ్టులోకి వచ్చింది. గేటు దగ్గరి కాపలాదారు ప్యో గారిని తీసేసి యంత్రం పెడితే, ఇంటింటికీ నెలకు ఒక్క కాఫీ ఖర్చు మిగులుతుందట. ఒకే వాక్యం. కింద ఓటింగు తేదీ.

ఎదురు నోటీసు రాయించడానికి మా బ్లాకు ప్రతినిధి సొన్ హ్యేరాన్ గారు నా తలుపు బాదారు.

“ప్రొఫెసర్ గారూ, లోపలే ఉన్నారు, మీ దగ్గు వినబడుతోంది! ‘ప్యో గారిని తీసేయకండి’ అని ఒక్క ముక్క రాసివ్వండి చాలు. చరిత్ర జోలికి మాత్రం వెళ్ళకండి, మీకు దణ్ణం పెడతాను.”

చరిత్ర లేని పేరా వెన్నెముక లేని మనిషి కదా! గుర్రబ్బండి కిరాయిని పునాదిగా వేశాను. దానిమీద పిండివంటలు పేర్చాను. కాఫీ ఖర్చు అనే మాటలోని మాయను చీల్చి చెండాడాను. నా పాఠంలో చెప్పినట్టే అసలు సంగతిని ఆఖరి వాక్యానికి దాచాను: ‘కనుక ప్యో గారిని ఉండనివ్వండి.’

కాగితం లిఫ్టు బోర్డు పొడవునా వేలాడింది. మర్నాటికల్లా ఆ ఆఖరి వాక్యం మీద కొత్త చికెన్ దుకాణం ప్రకటన అంటించి ఉంది.

“గుర్రాల భాగం బాగుందండీ,” అన్నారు సొన్ గారు, ఓట్లు పడ్డాక. “మా అత్తగారైతే గేటు దగ్గర గుర్రబ్బండి పెడుతున్నారా అని అడిగింది. ఎటు ఓటెయ్యమన్నారో మాత్రం ఒక్కరికీ అంతుపట్టలేదు.”

ప్యో గారు సామాను సర్దుకుని, వెళ్ళేముందు నాతో లిఫ్టు దాకా వచ్చారు.

“నా గురించి ఇంత పెద్దది ఎవరూ రాయలేదయ్యా. ఇందులో నా పేరెక్కడుందో కాస్త చూపిస్తారా?”

చికెన్ ప్రకటన అంచు పైకెత్తి చూపించాను.

యంత్రం మాత్రం దివ్యంగా ఉంది! నాకూ, దొంగకూ ఒకే గొంతుతో స్వాగతం పలుకుతుంది. నా పుస్తకాల పార్సిళ్ళను వానలో నానబెట్టి, పేజీలు వాటంతటవే విచ్చుకునేలా చేస్తుంది. నా ఆరోగ్యం ఎలా ఉందని అడగదు. ఇంతకన్న ఏకాంతం ఏ తపస్వికి దక్కింది?

పైగా నెలనెలా ఒక్క కాఫీ ఖర్చు మిగులుతోంది. అది పట్టుకుని సాయంత్రం కిందికి దిగుతాను. ఆ వేళకు ప్యో గారు గేటు పక్క తన గదిలో కాఫీ పొడి పొట్లం చింపి, కాగితపు కప్పులో వేడినీళ్ళు పోసి, ఆ ఖాళీ పొట్లంతోనే కలిపి ఇచ్చేవారు. తొమ్మిదేళ్ళు తాగాను. ఆ కాఫీ ఖర్చెంతో ఆయన ఎన్నడూ చెప్పలేదు.

చూశారా, అసలు సంగతి మళ్ళీ అడుగునే రాశాను! పత్రికవారు దయచేసి దీనిమీద ఏ చికెన్ ప్రకటనా వేయకూడదని ప్రార్థన.