మేనేజర్లను గుర్రం ఎక్కించండి

మేనేజర్లన్నవాళ్ళందరినీ వెంటనే గుర్రాలెక్కించాలి. ఇదేదో ఆషామాషీగా అంటున్న మాట కాదు. మూడు రోజులు గుర్రమెక్కి, నాలుగో రోజు కుర్చీలో కూర్చోలేక, పొట్టి బీరువా మీద కాగితం పెట్టుకుని నిలబడి రాస్తున్నాను. నా చిత్తశుద్ధికి ఇంకేం రుజువు కావాలి?

నాయకత్వ లక్షణాలు నేర్పిస్తామని మా కంపెనీ మమ్మల్నందరినీ గుర్రాల మీదికి తోలింది. ఈ వయసులో ఇదేం ఖర్మ అని సణిగినవాళ్ళు చాలామంది. నేను సణగలేదు. నాకు గుర్రంతో పనిలేకుండానే నాయకత్వం వచ్చు. మేం స్కూలు బెంచీలు తయారు చేస్తాం. నేను డిస్పాచ్ మేనేజర్ని. బెంచీ లారీ ఎక్కాలన్నా, లారీ గేటు దాటాలన్నా నా సంతకం పడాల్సిందే. ఇంతకన్నా నాయకత్వం ఎక్కడైనా ఉంటుందా?

ఒక్కటే బాధ. నా సెక్షన్లో పని కదలదు. కారణం మా సీనియర్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆయనకు 'నిదానం గారు' అని పేరు పెట్టింది నేనే. ఏ కాగితం చేతిలోకి తీసుకున్నా ఓసారి నా గది వైపు చూసి ఆగిపోతారు. ఆయనతో వేగలేక, ఊరవతల గోడౌనుకు మార్చేయమని పైవాళ్ళకు లెటర్ తయారు చేశాను. అక్కడికి వెళితే రిటైరయ్యేదాకా విరిగిన బెంచీల మీద దుమ్ము దులుపుకోవడమే. ఇక నా సంతకం ఒక్కటే తక్కువ. శిక్షణ నుంచి రాగానే పెట్టేద్దామనుకున్నాను.

బయల్దేరేముందు నిదానం గారిని పిలిచి రెండే ముక్కలు చెప్పాను. "నేను లేనని పని ఆగకూడదు. నాకు చూపించకుండా ఏదీ కదలకూడదు." ఎంత స్పష్టంగా ఉందో చూడండి!

శిక్షణలో మొదట మా సెల్‌ఫోన్లు లాక్కుని లాకర్లో పడేశారు. తర్వాత తలా ఒక గుర్రాన్ని అప్పగించారు. మా హెచ్ఆర్ హెడ్ తన గుర్రం చెవిలో, సంకోచించకుండా మనసు విప్పి మాట్లాడమన్నాడు. క్వాలిటీ మేనేజరు తన గుర్రం నడకలో తేడా ఎందుకొచ్చిందో రాతపూర్వకంగా కావాలన్నాడు. మార్కెటింగ్ ఆవిడయితే గుర్రం ఒక్క అడుగైనా వేయకముందే, మనం కలిసి చాలా దూరం వచ్చేశామని ప్రసంగం అందుకుంది. గుర్రాలు మర్యాదస్తులు. ఎవర్నీ ఏమీ అనలేదు.

నాకిచ్చిన ముసలి గుర్రాన్ని అక్కడ స్వారీ నేర్పే మాస్టారు 'పెద్దమ్మాయి' అని పిలుస్తారు. ఎక్కి కూర్చుని, మడమలతో డొక్కలో ఒక్కటిచ్చాను. కదల్లేదు. ఇంకోటిచ్చాను. ఊహూఁ. జారిపడతానేమోనని పగ్గాలు గట్టిగా బిగించి పట్టుకుని మళ్ళీ తన్నాను. పెద్దమ్మాయి మెడ తిప్పి నా వంక చూసింది. అచ్చం మా నిదానం గారి చూపే! అక్కడికక్కడే నా మొదటి పాఠం తేలిపోయింది. సోమరితనం కాళ్ళ సంఖ్యను బట్టి ఉండదు.

"మాస్టారూ, ఈ గుర్రం పనికిరాదు. వేరేది ఇప్పించండి" అన్నాను.

ఆయన తాపీగా దగ్గరకొచ్చారు. "దాన్లో ఏ లోపం లేదండీ. మీరు కాళ్ళతో పొమ్మంటున్నారు, చేతులతో ఆగమంటున్నారు. పాపం, అదేం చెయ్యాలి? కాస్త పగ్గాలు వదలండి."

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వదిలాను. పెద్దమ్మాయి బయల్దేరింది. మైదానమంతా చక్కగా ఒక చుట్టు తిరిగి, గుంటలున్న చోట పక్కకు తప్పుకుని, నన్ను ఎక్కించుకున్న చోటికే భద్రంగా తెచ్చి దింపింది. అంతసేపూ నేను చేసిన పని కూర్చోవడం ఒక్కటే. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికనుకున్నారు? నాకే. గుర్రానికి కాదు.

ఇంటికొచ్చి ఈ ముచ్చట మా ఆవిడకు చెప్పాను. "దానికి గుర్రం దాకా ఎందుకు? కూర త్వరగా కానిమ్మంటారు, మీరు ఉప్పు చూసేదాకా పొయ్యి మీంచి దించొద్దంటారు. ఆ మాస్టారి కాళ్ళకు దణ్ణం పెట్టాలి" అంది. నాకు ఎందుకో ఆ పూట అన్నం సరిగా సహించలేదు.

ఇవాళ పొద్దున కాళ్ళు ఎడంగా వేసుకుంటూ ఆఫీసుకు వెళ్ళాను. డిస్పాచ్ యార్డు ఖాళీగా ఉంది. నిదానం గారిని కేకేశాను.

"లారీలేవీ?"

"వెళ్ళిపోయాయి సార్" అన్నారు నిదానం గారు.

"నా సంతకం?"

"ఫోన్ చేస్తే మీరు ఎత్తలేదు. ఎల్లుండే స్కూళ్ళు తెరుస్తున్నారు. పిల్లలు నేల మీద కూర్చోవాలా అనిపించి, నేనే పెట్టి పంపించేశాను. మూడు రోజుల్లో పన్నెండు లారీలు. అన్నీ చేరాయని కబురొచ్చింది. తప్పయితే నాదే సార్."

నా పాలనలో వారానికి ఆరు లారీలు కదిలితే గొప్ప. గదిలోకి వెళ్ళి సొరుగు తీశాను. 'ఈయన వల్ల పని కదలడం లేదు' అని రాసిన ఆ లెటర్ అక్కడే ఉంది. ముమ్మారు చదివితే గాని నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను కాబట్టి మూడు వారాలుగా కదలకుండా పడి ఉంది. ఆ మంచి మనిషి నా జాప్యం వల్లే బతికిపోయారు. నిజంగా సిగ్గేసింది. దాన్ని ముక్కలు ముక్కలుగా చింపేశాను. నా సర్వీసులో సంతకం లేకుండా పూర్తయిన మొదటి పని అదే.

శిక్షణలో ఏం నేర్చుకున్నారో రాసివ్వమని కంపెనీ అడిగింది. గేటు దాటే సంతకం ఇకమీదట నిదానం గారే పెట్టేలా చూడమని రాశాను. శిక్షణ మూడు రోజులు ఏ మూలకూ సరిపోలేదనీ, నన్ను కనీసం ఏడాది పాటు మళ్ళీ పంపమనీ రాశాను. ఫోన్ లాకర్లోనే ఉంచమన్నాను.

ఒక్కసారి నా మొదటి వాక్యం మళ్ళీ చూడండి. మేనేజర్లను గుర్రం ఎక్కించమన్నాను. దించమని ఎక్కడా అనలేదు.