గాలి సోకిన కారు

ఆఫీసులో ఆయన్ని అందరూ రేపయ్య అంటారు. ఏ ఫైలు అడిగినా "రేపు చూద్దాం" అంటాడు కాబట్టి ఆ పేరు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఇరవై రెండేళ్లు రేపు రేపంటూనే హెడ్ గుమాస్తా దాకా ఎదిగాడు. అలాంటి మనిషి జన్మకల్లా ఒక్క పని మాత్రం ఇవాళే చేసెయ్యాలని కూర్చున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ పని, మామగారి కారుని వదిలించుకోవడం.

పాతికేళ్ల పెట్రోలు బండి అది. ఒకప్పుడు నీలం రంగు. ఇప్పుడు ఏ రంగని అడిగితే మొగుడూ పెళ్లాం చెరో మాట చెబుతారు. మామగారు హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి. కిందటేడు పోతూ పోతూ కారు తాళాలు కూతురి చేతిలో పెట్టారు. బతికున్నన్నాళ్లూ ఆయన మాట్లాడింది తక్కువ. అల్లుడు ఏం చెప్పినా కళ్లజోడు పైనుంచి చూసి, ముక్కుతో "ఊఁ..." అనేవారు. "నువ్వు చెప్పేది అబద్ధమని నాకు తెలుసు, నాకు తెలుసని నీకూ తెలుసు, సరే కానియ్" అని ఆ ఊఁకి అర్థం. పెళ్లయిన దగ్గర్నుంచీ రేపయ్య ఆ ఊఁ కిందే బతికాడు.

ఇప్పుడు ఆయన ప్రాణమంతా షోరూములో ఉన్న వెండిరంగు కారు మీద ఉంది. రెండుసార్లు వెళ్లి దాంట్లో కూచుని వచ్చాడు. మూడోసారి వెళితే సేల్స్ అమ్మాయి కాఫీ ఇవ్వడం మానేసింది.

"కొత్తది కొందామోయ్," అన్నాడు ఇంటికొచ్చి.

"పాతదానికేమొచ్చింది?"

"పాతబడింది."

"మీరూ పాతబడ్డారు. మార్చానా?"

భార్య హాస్పిటల్లో గుండె వార్డు నర్సు. రోజుకి నలభై గుండెలు వినే మనిషికి మొగుడి గుండెలో ఏం కొట్టుకుంటోందో వినడానికి స్టెతస్కోపు అక్కర్లేదు. నెల రోజులు ఈ గోల భరించి, చివరికి ఒక మాట తేల్చేసింది.

"నాన్న కారు హాస్పిటల్ దారిలో ఎత్తు ఎక్కలేని రోజున నేనే అమ్మేస్తాను. అందాకా నా దగ్గర ఆ ఊసెత్తకండి."

ఎత్తనని ఒట్టేశాడు రేపయ్య. ఊసెత్తనన్నాడు గాని, బానెట్ ఎత్తననలేదు.

ఆఫీసులో పక్క సీటాయనకి తెలియని విషయం లేదు. అందుకే ఆయన్ని సర్వజ్ఞుడంటారు. "ఇంజిన్లో ఒక్క స్పార్క్ ప్లగ్గు అర చుట్టు వదులు చెయ్యి. బండి ఎత్తులో ఆయాసపడి చస్తుంది. ఎవడికీ అనుమానం రాదు," అని చెవిలో ఊదాడు ఆయన.

ఆదివారం భార్య డ్యూటీకి స్టాఫ్ బస్సులో వెళ్లింది. వీధంతా పొద్దుట్నుంచీ మంచు కమ్మేసి ఎదురింటి గేటు కూడా కనబడటం లేదు. ఇంటి వెనక షెడ్డులో కారు గోడకేసి మొహం పెట్టుకుని నిలబడి ఉంది, తప్పు చేసిన పిల్లాణ్ణి హెడ్మాస్టరు నిలబెట్టినట్టు. రేపయ్య బానెట్ ఎత్తి, నాలుగు ప్లగ్గుల్లో అన్నిటికంటే వెనకున్నదాన్ని ఎంచుకున్నాడు. అందడానికి సగం మనిషి లోపలికి వంగాల్సి వచ్చింది. మోచెయ్యి దేనిమీదో ఆనించి పానా తిప్పాడు. మోచేతి కింద ఏదో మెత్తగా పుటుక్కుమంది. చూస్తే ఏం కనబడలేదు. ముసలి బండికి ముసలి కీళ్లు అనుకుని, ప్లగ్గు అర చుట్టు వదిలేసి, చేతులు కడుక్కున్నాడు.

సోమవారం పొద్దున్న ఇద్దరూ బయల్దేరారు. భార్యే నడుపుతుంది. హాస్పిటల్ దగ్గర తను దిగాక రేపయ్య ఆఫీసుకి నడిచి వెళతాడు. మూసేసిన మిల్లు గోడ పక్కనుంచే ఎత్తు మొదలవుతుంది. మంచులో ఆ గోడకి అంతులేదు.

ఎత్తు అందుకోగానే ఇంజిన్ "టప్... టప్... టప్" అని లోపల్నుంచి ఎవరో తలుపు తట్టినట్టు మొదలుపెట్టింది. భార్య గేరు తగ్గించింది. యాక్సిలరేటర్ నేలకి తొక్కింది. బండి నడిచేవాళ్ల కంటే మెల్లగా పాకుతోంది. ఓ ముసలాయన చేతికర్రతో వీళ్లని దాటి వెళ్లిపోయాడు.

రేపయ్యకి లోపల కొత్త కారు హారన్ వినబడింది. మొహంలో మాత్రం శోకం పెట్టుకున్నాడు. "అయ్యయ్యో! పికప్ పూర్తిగా పోయిందోయ్."

మలుపు దగ్గర ఆవిడ బండి పక్కకి తీసి హ్యాండ్ బ్రేక్ వేసింది. ఇంజిన్ ఆపలేదు. అద్దాల చుట్టూ తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు.

"మీరేమైనా ముట్టుకున్నారా?"

"నేనా? నాకు బానెట్ ఎటు తెరుచుకుంటుందో కూడా తెలీదు."

"ఊఁ..."

రేపయ్య భార్య మొహం చూశాడు. ఆవిడ పెదాలు కదల్లేదు. ఆవిడ ముందున్న డ్యాష్‌బోర్డు వంక చూస్తోంది. రెప్ప కూడా వెయ్యటం లేదు.

"ఏమన్నావోయ్?"

"నేనేం అన్లేదు."

"ఊఁ...", ఈసారి ఇంకాస్త సాగదీసి.

ముక్కుతో తీసే ఆ తీరు, చివర్లో ఆ చిన్న విరుపు, అన్నీ మామగారివే. రేపయ్య తలుపు తీసుకుని దిగి, ఆఫీసు అటు అయితే ఇటు నడిచాడు.

మంగళవారం తెల్లారగానే, జన్మలో రెండోసారి, పని రేపటికి వాయిదా వెయ్యకుండా షెడ్డుకి పరిగెత్తాడు. ప్లగ్గు బిగించేశాడు, పెళ్లినాటి ఉంగరం బిగిసినట్టు. ఇక పీడ వదిలిందనుకుని, బండి వీధి చివరిదాకా తీశాడు. టప్ టప్ పోయింది. హమ్మయ్య అని ఆగాడు.

"ఊఁ..."

ఆగిన బండిలో ఇంజిన్ పైకి లేచింది, దిగింది. మళ్లీ లేచింది, దిగింది. ఆయన కాలు యాక్సిలరేటర్ మీద లేదు. ఎవరో పక్కసీట్లో కూచుని ఊపిరి పీల్చి వదులుతున్నట్టుంది. రేపయ్య మెల్లగా పక్కకి చూశాడు. ఖాళీ సీటు మధ్యలో, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు, గుంట.

పాతికేళ్ల సీటుకి గుంట ఉండదా అని ఆయనకి తోచలేదు. ఆ క్షణంలో ఒకటే లెక్క బుర్రలో తిరుగుతోంది. చెడగొట్టింది నేను. బాగుచేసింది నేను. మరి ఇప్పుడు ఊఁ అంటున్నది ఎవరు?

"నేనేం చెయ్యలేదండీ మామయ్యగారూ," అన్నాడు సన్నగా.

"ఊఁ..."

బండి వీధి చివరే వదిలేసి ఇంటికి నడిచొచ్చాడు. భార్య వెళ్లి తెచ్చుకుంది. ఏం అడగలేదు. అడక్కపోవడమే ఆయన్ని సగం చంపేసింది.

బుధవారం మోకాలు నొప్పన్నాడు. మోకాలు నొప్పి వచ్చిన మనిషి కారెక్కకుండా మూడు మైళ్లు నడిచి ఆఫీసుకి వెళ్లడం లోకంలో అదే మొదటిసారి. అక్కడ మేనేజరు ఎవరిదో సెలవు చీటీ చూసి "ఊఁ" అన్నాడు. రేపయ్య చేతిలో టీ కప్పు జారిపోయింది. సర్వజ్ఞుణ్ణి అడిగితే ఆయన గొంతు తగ్గించి, "ప్లగ్గు బిగించాక కూడా వస్తోందా? అయితే అది నా సబ్జెక్టు కాదు," అని కుర్చీ దూరంగా జరుపుకున్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భార్య మెల్లగా కదిపింది.

"కారుకేమైందంటారు?"

"గాలి సోకిందోయ్."

"ఏ గాలి?"

"పెద్దాళ్ల గాలి."

ఆవిడ గరిటె గాల్లో ఆగింది. తల వంచుకుని పళ్లెంలోకి చూస్తూ, "నాకూ అలాగే అనిపిస్తోంది," అంది. "ఆయనకేదో మీతో చెప్పుకోవాలనో, మీ చేత చెప్పించుకోవాలనో ఉన్నట్టుంది."

రేపయ్య ముద్ద పళ్లెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

గురువారం మధ్యాహ్నానికి కూడా మంచు విడలేదు. ఆఫీసులో ఉండబుద్ధి కాక రేపయ్య మూడింటికే ఇంటికొచ్చాడు. ఇల్లు తాళం వేసి ఉంది. భార్య పొద్దున్నే బయటికి వెళ్లింది, డ్యూటీకే అనుకున్నాడు. వరండాలో చెప్పులు విప్పుతుండగా వినిపించింది.

ఇంటి వెనక ఇంజిన్ తిరుగుతోంది.

పారిపోదామనుకున్నాడు. ఎక్కడికి పారిపోతాడు? ఇల్లే ఇది. గోడ పట్టుకుని షెడ్డు దాకా వెళ్లాడు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల చీకటి. కారు ఎప్పట్లాగే గోడకేసి తిరిగి ఉంది. బానెట్ పూర్తిగా పైకి లేచి ఉంది. డ్రైవరు సీట్లో ఎవరూ లేరు. తాళంచెవి దానంతటది సన్నగా ఊగుతోంది.

"ఊఁ..."

రేపయ్య మోకాళ్లకి ఈసారి నిజంగానే జబ్బు చేసింది. వెనక చక్రం పక్కన కూలబడ్డాడు.

"మామయ్యగారూ, నేనేనండీ. ప్లగ్గు వదులు చేసింది నేనే."

"ఊఁ..."

"మళ్లీ బిగించేశానండీ, మీ దయవల్ల."

"ఊఁ..."

"షోరూములో వెండిరంగు కారు చూశానండీ. చూట్టమే."

"ఊఁ... ఊఁ..."

"చూట్టమే కాదండీ, శనివారం మన బండి కొనుక్కోడానికి ఒకాయన్ని రమ్మన్నాను. మీ అమ్మాయికి చెప్పలేదు. రావద్దని చెప్పేస్తానండీ, రేపు..."

"ఊఁఁఁ!"

"ఇవాళే! ఇవాళే చెప్పేస్తాను!"

ఊఁ ఆగిపోయింది. గొంతు మీద ఎవరో వేలు పెట్టి నొక్కినట్టు టక్కున ఆగిపోయింది. ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంది, మెత్తగా, నిదానంగా. అప్పుడు బానెట్ అవతల్నుంచి ఒక గొంతు వచ్చింది.

"కొనేవాడి ఫోన్ నంబరు ఇలా ఇవ్వండి."

భార్య. నర్సు దుస్తుల మీద వాళ్ల నాన్న పాత కోటు. చెవుల్లో స్టెతస్కోపు. ఒక చేత్తో ఇంజిన్ మీది సన్నటి రబ్బరు గొట్టం పట్టుకుని ఉంది. గొట్టం మధ్య చీలిక మీద ఆవిడ బొటనవేలు ఉంది. వేలు తీసింది.

"ఊఁ..." అంది కారు.

వేలు పెట్టింది. ఊరుకుంది.

"గాలి సోకిందన్నారుగా," అందావిడ. "నిజమే. ఇదిగో, ఇక్కణ్ణుంచి సోకింది. ఇంజిన్ ఈ గొట్టంలోంచి పీలుస్తుంది. చీలితే దొంగగాలి లాక్కుంటుంది. మూలుగుతుంది, బలం పోతుంది. దీనిమీద ఎవరో మోచెయ్యి ఆనించారు. పక్కనున్న గ్రీజులో మీ గళ్ల చొక్కా అచ్చు పడింది."

"నువ్వు డ్యూటీకి..."

"ఇవాళ సాయంత్రం డ్యూటీ. పొద్దున కొత్త గొట్టం కొనడానికి వెళ్లాను. సోమవారం హాస్పిటల్ దగ్గర చూశాను, వెనక ప్లగ్గు వదులు. మంగళవారం చూశాను, బిగుతు. ప్లగ్గులు వాటంతటవి బిగుసుకోవు."

రేపయ్య నేలమీదే కూచుని ఉన్నాడు. లేచే మొహం లేదు. "అయితే సోమవారమే తెలుసన్నమాట. నాలుగు రోజులు నన్నిలా చంపడం న్యాయమా?"

ఆవిడ గొట్టం మీద వేలు అటూ ఇటూ జరిపింది.

"మీ కోసమే ఉంచాననుకుంటున్నారా? చీలిక కనబడగానే పట్టీ చుట్టేద్దామని చెయ్యి పెట్టాను. ఆగిపోయింది. ఏడాదయింది ఆ గొంతు విని. వేలు తీసేశాను. బండి ఎలాగూ పాకుతోంది కదా, ఇంకో రోజు పాకనీ అనుకున్నాను. రోజూ దార్లో ఆగి, ఇంజిన్ ఆపకుండా కూచునేదాన్ని." కళ్లు తుడుచుకుంది, గ్రీజు బుగ్గకి అంటింది. "అలా ఎన్నాళ్లు నడుపుతాం? ఇంజిన్ పాడవుతుంది. నాన్న ఊరుకోరు."

ఇన్నాళ్లుగా ఆ కారులో రేపయ్య చూసింది తుప్పే. లేచి, చొక్కా చేతులు మడిచి, "గొట్టం ఇలా ఇయ్యి," అన్నాడు.

ఆవిడ ఇంజిన్ ఆపి చెబుతుంటే ఆయన బిగించాడు. మూడుసార్లు తిరగేసి పెట్టాడు, రెండుసార్లు వేళ్లు చీరుకున్నాడు. ఆఖరికి కొత్త గొట్టం సరిగ్గా కూచుంది. మళ్లీ తిప్పితే ఇంజిన్ మూలుగు లేకుండా తిరిగింది. కొనేవాడికి ఆవిడ ఎదుటే ఫోన్ చేశాడు. "బండి అమ్మడం లేదండీ, రేపు కూడా," అన్నాడు.

ఐదింటికి ఎత్తు మీదకి బయల్దేరారు. పాతికేళ్ల బండి మూడో గేరులో జుయ్యిమని ఎక్కేసింది. మంచు మాత్రం అలాగే ఉంది. హాస్పిటల్ ముందు ఆవిడ దిగి, తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

"ఇంటికి మీరు తీసుకెళ్లండి. డ్యూటీ అయ్యాక నేను బస్సులో వచ్చేస్తాను."

"ఓస్, అంతేగా," అన్నాడు రేపయ్య.

డ్రైవరు సీట్లోకి జరిగి ఇంజిన్ తిప్పాడు. మూలుగు లేదు, తట్టడం లేదు, లేవడం దిగడం లేదు. భార్య తలుపు దాటి లోపలికి వెళ్లిపోయింది. కింద మలుపు దాకా రోడ్డు తెల్లగా ఖాళీగా ఉంది. పక్కసీటు వంక చూడకూడదనుకున్నాడు.

"ఇంక మీ కారుని కన్నబిడ్డలా చూసుకుంటానండీ," అన్నాడు, ఎందుకైనా మంచిదని.

ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు తెలిసింది ఆయనకి, అన్నప్పటి కంటే అనకుండా వింటున్నప్పుడే ఎక్కువ భయమేస్తుందని.

ఇంజిన్ ఆపాడు. తాళం వేశాడు. గుండె వార్డు ముందున్న బెంచీ మీద వెళ్లి కూచున్నాడు.

గంట గడిచింది. వార్డు ఆయా రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, ఆగి అడిగింది. "ఎవరి తాలూకండీ మీరు?"

"సిస్టరుగారి తాలూకు."

"మరి పేషెంటెవరు?"

రేపయ్య కిటికీలోంచి మంచులో నిలబడ్డ కారుని చూశాడు. ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఆవిడ నన్ను ఒంటరిగా ఇంటికి పంపితే," అన్నాడు, "నేనే."